డాక్టరు చీటీ మందులకు ప్రకటనలు: నూజివీడు మామిడి సీమ నుంచి ఒక పరిశీలన

డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందును కంపెనీ నేరుగా జనానికి ప్రచారం చేసుకోవచ్చా? అమెరికా, న్యూజిలాండ్ చేసుకోవచ్చన్నాయి. భారతదేశంతో సహా మిగతా దేశాలు దాదాపు అన్నీ వద్దన్నాయి. అందుకే నూజివీడులో ఏ ఇంటి టీవీలోనూ బీపీ బిళ్లకో షుగర్ బిళ్లకో బ్రాండు పేరుతో ప్రకటన కనపడదు. అయినా ఆ ఊళ్లోనూ, చుట్టూ ఉన్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట తోటల పల్లెల్లోనూ నొప్పుల బిళ్లల పేర్లు, యాంటీబయాటిక్ పేర్లు నోటికొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. షాపుకు వెళ్లి జబ్బు చెప్పరు, మందు పేరే చెప్పి అడుగుతారు. ప్రకటన లేనిచోట ఆ పేరు ఇంటిదాకా ఎలా వచ్చింది, ప్రకటనే ఉంటే మేలు జరిగేదా, కీడు పెరిగేదా అన్నది ఈ వ్యాసానికి విషయం.

నూజివీడు 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయలకు పేరుపడ్డ సీమ. చలికాలంలో పూత, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత, కాయ ఎక్కువగా విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్టుకు పోవడం ఇక్కడి ఏడాది నడక. ఊళ్లో ఏరియా ఆసుపత్రి ఉంది, పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి, పెద్ద జబ్బు చేస్తే విజయవాడో ఏలూరో వెళ్తారు. వీటన్నిటికంటే ముందు రోగి గడప తొక్కేది మందుల షాపు. అంతకంటే ముందు ఇంటికే వచ్చి సూదేసి వెళ్లేది, వైద్యంలో డిగ్రీ లేకపోయినా ఊరంతా ఆర్.ఎం.పి. డాక్టరని పిలిచే మనిషి. మందు గురించి రోగి చెవిన పడే తొలిమాట ఈ ఇద్దరిదే.

పత్రికలను పోషించిన మందులు

మందుల ప్రకటనతో కృష్ణా జిల్లాకు పాత బంధుత్వం ఉంది. ఈ జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం తెచ్చిన డబ్బు అండతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక తోడైంది. తెలుగు పత్రికా రంగపు తొలి పెద్ద పెట్టుబడుల్లో ఒకటి తలనొప్పి మందు అమ్మకాల నుంచి వచ్చిందంటే, మందుల ప్రకటనను పుట్టు దుర్మార్గంగా చూడటం తెలుగువాళ్లకు తగదు.

కోట నరసింహ కేసరి మద్రాసులో నడిపిన కేసరి కుటీరం కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆడవాళ్ల గర్భాశయ బాధలకని ఆయన అమ్మిన లోధ్ర తెలుగునాట ఇంటింటా తెలిసిన పేరు. 1928లో ఆయనే గృహలక్ష్మి అనే స్త్రీల పత్రిక పెట్టారు. ఆ పత్రిక పేరుతో రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయమూ మొదలైంది. మగ వైద్యుడికి చెప్పుకోలేని బాధ, అత్తగారి ముందు ఎత్తలేని మాట, అచ్చులో ఆడమనిషి కంటపడటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. తన బాధ తనొక్కదానిదే కాదని, దానికి మందంటూ ఉందని ఆమెకు తెలిసింది. అయితే నెలసరి తేడాకు వెనక రక్తహీనత ఉందా, గడ్డ ఉందా, కేన్సరుందా అని పరీక్షించి చూసే దారి ఏ సీసా ప్రకటనలోనూ ఉండదు. బాధకు పేరు పెట్టడం మేలు. పరీక్ష జరగకముందే మందు చేతిలో పెట్టడం కీడు. చీటీ మందుల ప్రకటనల మీద ప్రపంచమంతా నడుస్తున్న వాదన చివరికి ఈ రెంటి మధ్యే తిరుగుతుంది.

చట్టం వేసిన కట్టడి

నకిలీ మందులు, అడ్డూఅదుపూ లేని అమ్మకాల మీద విచారణకు 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. దాని ఫలితంగా 1940లో ఔషధాల చట్టం, 1945లో దాని నిబంధనలు వచ్చాయి. చీటీ మందుల జాబితా ఆ నిబంధనల్లోని హెచ్ షెడ్యూలు. ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు, రిజిస్టరైన వైద్యుడి చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక ఈ మందుల అట్టల మీద ఉండాలి. 2014 మార్చి 1 నుంచి హెచ్1 అనే ఇంకో జాబితా అమల్లోకి వచ్చింది. మొదట అందులో 46 మందులు పెట్టారు. గట్టి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, కొన్ని నిద్రమాత్రలు అందులోవే. వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. హెచ్, హెచ్1, ఇంకా కట్టుదిట్టమైన ఎక్స్ జాబితాల్లోని మందులకు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ప్రకటన ఇవ్వకూడదన్నది తయారీ లైసెన్సు షరతుల్లో ఒకటి.

ప్రకటనలకే ప్రత్యేకించిన చట్టం 1954లో వచ్చింది. మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం దాని పేరు. గర్భం పోగొడతామని, లైంగిక సామర్థ్యం పెంచుతామని, నెలసరి సరిచేస్తామని ప్రకటించకూడదంది. దీని షెడ్యూల్లో 54 జబ్బులున్నాయి. మధుమేహం, కేన్సరు, గుండెజబ్బు, రక్తపోటు, పక్షవాతం, మూర్ఛ, క్షయ, మూత్రపిండాల్లో రాళ్లు, ఊబకాయం అందులోవే. ఏ వైద్య విధానంవారైనా సరే, వీటికి నయం చేస్తామని బహిరంగంగా చెప్పుకోవడం నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు. రిజిస్టరైన వైద్యులకు రహస్యంగా పంపే సమాచారానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఈ చట్టం వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని యునానీ మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. సరుకు అమ్ముకోవడానికి ఇచ్చే ఇలాంటి ప్రకటనకు రాజ్యాంగం కాపాడే వాక్ స్వాతంత్ర్యం వర్తించదని 1959 డిసెంబరులో కోర్టు చెప్పింది. అదే తీర్పులో, ఏ జబ్బునైనా జాబితాలో చేర్చే అధికారాన్ని హద్దుల్లేకుండా ప్రభుత్వానికి ఇచ్చిన భాగాన్ని కొట్టేసింది. 1995లో టాటా ప్రెస్ కేసులో వాణిజ్య ప్రకటన కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనని అదే కోర్టు అన్నది. అబద్ధపు ప్రకటనకు మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు.

అమెరికా దారి

అమెరికాలో చీటీ మందుల ప్రకటనల మీద అధికారం 1962 చట్ట సవరణతో ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. చేతికి వచ్చింది. అప్పటికి ఆ ప్రకటనలు డాక్టర్లు చదివే పత్రికల్లోనే ఉండేవి. 1981లో మెర్క్ కంపెనీ నిమోనియా టీకా ప్రకటనను రీడర్స్ డైజెస్ట్‌లో వేసింది. జనానికి నేరుగా చేసిన తొలి ప్రచారంగా దాన్ని చెబుతారు. 1983లో టీవీలో ఒక నొప్పుల మందు ప్రకటన రావడంతో ఎఫ్.డి.ఎ. కంగారుపడి వీటిని ఆపమంది, 1985లో మళ్లీ వదిలింది. అసలు గేట్లెత్తింది 1997లో. దుష్ఫలితాల చిట్టా మొత్తం టీవీలో చదవనక్కర్లేదు, ముఖ్యమైన ప్రమాదాలు చెప్పి మిగతావి ఎక్కడ దొరుకుతాయో చూపితే చాలని ఆ ఏడాది మార్గదర్శకాలు వచ్చాయి. జామా వైద్య పత్రికలో 2019లో వచ్చిన లెక్కల ప్రకారం జనానికి నేరుగా చేసిన చీటీ మందుల ప్రచారం ఖర్చు 1997లో 130 కోట్ల డాలర్లు, 2016లో 600 కోట్ల డాలర్లు. ప్రకటనల సంఖ్య 79 వేల నుంచి 46 లక్షలకు పెరిగింది. అమెరికా వైద్య సంఘమే 2015లో వీటిని నిషేధించమని కోరింది. యూరప్ ఆ దారి పట్టలేదు. ఉబ్బసం, మధుమేహం, ఎయిడ్స్ మందులకు మాత్రం పరిమితంగా అనుమతిద్దామన్న ప్రతిపాదనను కూడా 2002లో యూరోపియన్ పార్లమెంటు తోసిపుచ్చింది.

మేలు ఎక్కడ

ప్రకటనలు ఉండాలనేవారి వాదనలో బలముంది. కనపడకుండా పెరిగే జబ్బులున్నాయి. బీపీ నొప్పి పెట్టదు, మొదట్లో షుగరూ నొప్పి పెట్టదు. దిగులు జబ్బని చాలామందికి తెలియదు. మందుందని తెలిస్తేనే డాక్టరు దగ్గరికి వెళ్లే మనిషి ఉంటాడు. ఎయిడ్స్, మానసిక జబ్బులు, మగవాళ్ల లైంగిక సమస్యల వంటి, సిగ్గుతో దాచుకునే వాటికి ప్రకటన నోరిచ్చింది. రోజూ వేసుకోవాల్సిన బిళ్ల మానేసినవాళ్లకు అదే గుర్తుచేసింది. ప్రకటన చూసి వచ్చిన రోగులు మెరుగైన ప్రశ్నలు వేస్తున్నారని అమెరికా డాక్టర్లే సర్వేల్లో ఒప్పుకున్నారు. ఆ ప్రకటనలు మందును ఉన్నదానికంటే గొప్పగా చూపిస్తున్నాయని కూడా వాళ్లే అన్నారు.

జనానికి నేరుగా చెప్పడం వల్ల ఎంత మేలు జరుగుతుందో మన పల్లెలకు అమెరికా నుంచి నేర్చుకోవాల్సిన పని లేదు. స్పర్శ లేని మచ్చ కుష్ఠు కావచ్చని, దానికి మందు ఉచితమని ప్రభుత్వం ఊరూరా గోడల మీద రాయించింది. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక అనేక మందుల కలయిక చికిత్స జనానికి చేరింది. పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు కుష్ఠు తగ్గిందని 2005 చివరికి దేశం చెప్పుకోగలిగింది. వారాల తరబడి దగ్గు తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించుకోమన్న గోడ రాతలు, పోలియో చుక్కల ఆదివారం మైకు ప్రచారం ఇలాంటివే. వీటిలో జబ్బు లక్షణం ఉంది, పరీక్షకు వెళ్లాల్సిన చోటు ఉంది, ఏ కంపెనీ పేరూ లేదు. విజయవాడ డాక్టరు సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు, దినపత్రికల ఆరోగ్యం పేజీలు కూడా తెలుగువాళ్లకు ఈ పనే చేసిపెట్టాయి. ప్రకటన వల్ల వస్తుందనే మేలులో ఎక్కువ భాగం బ్రాండు పేరు లేకుండానే వస్తుందని చెప్పడానికి ఇవి చాలు.

బ్రాండు పేరుతో వచ్చిన మేలూ కీడూ పక్కపక్కన చూడాలంటే ఐ-పిల్ దగ్గరికి రావాలి. అవసర గర్భనిరోధక బిళ్లను 2005లో చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతించారు. 2007లో సిప్లా దాన్ని ఐ-పిల్ పేరుతో తెచ్చి టీవీలో విస్తృతంగా ప్రచారం చేసింది. ఇలాంటి బిళ్ల ఒకటుందనీ, 72 గంటల లోపు వేసుకోవాలనీ లక్షల మంది ఆడవాళ్లకు తెలిసింది ఆ ప్రకటనల వల్లే. అక్కర్లేని గర్భం వల్ల వచ్చే గర్భస్రావాల బాధ కొందరికైనా తప్పి ఉంటుంది. అయితే ఎప్పుడో ఒకసారికని ఉద్దేశించిన బిళ్లను మామూలు గర్భనిరోధకంలా మాటిమాటికీ వేసుకునే అలవాటు మొదలైందని స్త్రీవైద్యులు మొత్తుకున్నారు. ఔషధ నియంత్రణ అధికారులు ఆ ప్రకటనల మీద అభ్యంతరం చెప్పారు. సమాచారం అందాల్సిందే. ముప్పై సెకన్లలో ఏ ముక్క ఉంచాలో, ఏ ముక్క తీసేయాలో తేల్చే అధికారం అమ్మేవాడి చేతిలో ఉన్నప్పుడు తీసేసిన ముక్క రోగికి అవసరమైనదే అవుతుంది.

కీడు ఎక్కడ

వయాక్స్ కథ ఈ చర్చలో అందరూ చెప్పేదే, అయినా వదలలేం. కీళ్ల నొప్పులకు మెర్క్ 1999లో అమెరికాలో విడుదల చేసిన మందు అది. 2000లో ఒక్క ఏడాదే దాని బహిరంగ ప్రచారానికి 16 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ ఏడాది పెప్సీ ప్రకటనలకు అయిన ఖర్చుకంటే అది ఎక్కువ. పేరున్న స్కేటింగ్ క్రీడాకారిణి డొరతీ హామిల్ టీవీలో దాన్ని మెచ్చుకుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలడంతో 2004 సెప్టెంబరు 30న కంపెనీయే వెనక్కి తీసుకుంది. దాని వల్ల అమెరికాలో 88 వేల నుంచి 1,40,000 దాకా అదనంగా తీవ్ర గుండెజబ్బు కేసులు వచ్చి ఉంటాయని 2005లో వైద్య పత్రిక లాన్సెట్‌లో అంచనా వేశారు. అదే మందు రోఫికాక్సిబ్ పేరుతో మన దేశంలోనూ అమ్ముడైంది. 2004 డిసెంబరులో ఇక్కడా నిషేధించారు. కొత్త మందు లోపాలు బయటపడేది లక్షల మంది వాడాకే. ప్రకటన చేసే పని ఆ లక్షల మందిని మొదటి రెండు మూడేళ్లలోనే పోగుచేయడం. మందు ఎంత కొత్తదైతే ప్రచారం అంత ఎక్కువ, దాని గురించి తెలిసింది అంత తక్కువ.

ప్రకటన డాక్టరు కలాన్ని ఎలా కదుపుతుందో 2005లో జామాలో వచ్చిన ఒక ప్రయోగం చూపింది. రోగుల్లా నటించేందుకు తర్ఫీదు పొందినవారిని 152 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. కొంతమంది తీవ్రమైన దిగులు లక్షణాలు చెప్పారు, మరికొంతమంది జీవితంలో ఎదురుదెబ్బ తగిలినప్పుడు వచ్చే మామూలు బాధ చెప్పారు. రెండో రకంవాళ్లు టీవీలో చూసిన మందు పేరు చెప్పి అడిగితే 55 శాతం మందికి మందు రాశారు, ఏమీ అడగకపోతే 10 శాతం మందికే రాశారు. నిజంగా దిగులు జబ్బున్నట్టు నటించినవాళ్లలో ఏమీ అడగనివారికి 31 శాతం, బ్రాండు పేరు అడిగినవారికి 53 శాతం, ఏదో ఒక మందు ఇమ్మని మామూలుగా అడిగినవారికి 76 శాతం మందు దొరికింది. నోరు తెరిచి అడగడం జబ్బున్నవాళ్లకు మంచే చేసింది. బ్రాండు పేరు అక్కర్లేని మందును తెచ్చిపెట్టింది. ఈ అంకెల్ని ఎన్నిసార్లు చూసినా ఒక్కటే అర్థమవుతుంది: రోగికి కావలసింది అడిగే ధైర్యం, సీసా పేరు కాదు.

తోటల పల్లెల్లో మందు పేరు

నూజివీడు ప్రాంతంలో మందు పేరు ప్రచారమయ్యే దారులు వేరు. తేనెమంచు పురుగుకో బూడిద తెగులుకో మందు కావాల్సిన రైతు షాపుకు వెళ్లి, పక్క తోటవాళ్లు కొట్టిందే ఇవ్వమంటాడు. ఒంట్లో బాగోలేనప్పుడూ అలాగే పక్కింటివాళ్లకు తగ్గిన బిళ్ల అడుగుతాడు. ఒకసారి డాక్టరు రాసిన చీటీ ఏళ్ల తరబడి చెల్లుతుంది. చీటీ నలిగిపోయినా ఖాళీ అట్ట చూపిస్తే షాపులో అదే ఇస్తారు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఈ సీమలో తక్కువేమీ కాదు. అక్కడి టీవీలో గంటకోసారి వినపడే మందు పేరు వాట్సాప్‌లో ఇక్కడి అమ్మానాన్నల దాకా వస్తుంది. తెలుగు వార్తా ఛానళ్లలో పొద్దున్నే వచ్చే ఆరోగ్య కార్యక్రమాల్లో కొన్ని డబ్బిచ్చి కొనుక్కున్న సమయాలే. ఫోను చేసి సమస్య చెబితే ఆ ఆసుపత్రికో ఆ మందుకో దారి చూపుతారు. ఆపరేషన్ లేకుండా మొలలు నయం, పక్షవాతానికి పసరు అన్న గోడ రాతలు రోడ్డు పొడుగునా ఉంటాయి. పక్షవాతం 54 జబ్బుల జాబితాలో ఉందని, అందుకు మందు ప్రకటించడం నేరమని ఆ గోడ యజమానికి ఎవరూ చెప్పి ఉండరు.

జనానికి ప్రకటన లేనిచోట కంపెనీ ప్రచారమంతా డాక్టరు మీదికి మళ్లుతుంది. మెడికల్ రెప్ సంచీ పట్టుకుని వచ్చే చోటు డాక్టరు గది. అక్కడి బహుమతులు, విదేశీ యాత్రలు అదుపు చేయడానికి 2015లో కేంద్రం ఒక స్వచ్ఛంద నియమావళి తెచ్చింది, 2024 మార్చిలో దాన్ని కొంత గట్టిపరిచింది. శిక్షలతో కూడిన చట్టంగా మార్చాలని మెడికల్ రెప్‌ల సంఘాల సమాఖ్యే సుప్రీంకోర్టుకు వెళ్లింది. నిషేధాన్ని సమర్థించేవాళ్లు ఈ పక్కదారిని చూడకుండా మాట్లాడితే సగం నిజమే చెప్పినట్టు.

నొప్పుల బిళ్లల సంగతి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కోత కాలం అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా. చిక్కంతో కాయ దించేవాళ్లు, గంపలు మోసేవాళ్లు, లారీకి ఎత్తేవాళ్లు మండుటెండలో పొద్దుటి నుంచి పనిలో ఉంటారు. సాయంత్రానికి ఒళ్లు నొప్పులు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్లలు హెచ్ షెడ్యూలువే అయినా చీటీ అడిగే షాపు అరుదు. ఈ రకం మందులు కిడ్నీకి రక్తప్రవాహాన్ని నిలిపి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు చాలినంత ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు వాడితే ఆరోగ్యవంతుడికి సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. చెమటతో నీరంతా పోయిన మనిషి రోజుల తరబడి వేసుకుంటే కిడ్నీ దెబ్బతినవచ్చు. బీపీకి కొన్ని రకాల బిళ్లలు కూడా వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. నూజివీడుకు వాయవ్యంగా, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న ఎ. కొండూరు మండలం లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. అక్కడ తాగునీటి నుంచి నొప్పుల బిళ్లల దాకా చాలా కారణాల మీద అనుమానాలున్నాయి. మూలకారణం నొప్పుల బిళ్లలేనని ఎవరూ తేల్చలేదు. కానీ కిడ్నీ ఇప్పటికే బలహీనపడ్డ ఊళ్లో ఆ బిళ్ల సులువుగా దొరకడం ఎంత ప్రమాదమో చెప్పడానికి తేల్చాల్సింది ఏమీ లేదు. నొప్పుల మందుకు ప్రకటన ఇచ్చే ఏ కంపెనీ అయినా, నవ్వుతూ మెట్లెక్కే పెద్దాయన్ను చూపిస్తుంది గానీ మే నెల తోటలో నీళ్లు తాగడానికి తీరిక లేని కూలీని చూపించదు.

యాంటీబయాటిక్‌ల విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఎర్ర గీత ప్రచారం చేసింది. అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరును అడగకుండా వాడొద్దన్నది దాని సారం. మంచి ఆలోచన. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే గుర్తది. దాన్ని కుష్ఠు ప్రచారమంత పట్టుదలగా పల్లెల్లోకి తీసుకెళ్లినవాళ్లు లేరు. ముఖం తెల్లబడాలని స్టెరాయిడ్ క్రీములు రాసుకుని చర్మం పాడుచేసుకునే జాడ్యం మీద చర్మవైద్యులు ఏళ్లు పోరాడితే, 2018లో 14 స్టెరాయిడ్ పూత మందులను హెచ్ షెడ్యూల్లోకి తెచ్చారు. తెచ్చాక కూడా అవి అడిగితే దొరుకుతూనే ఉన్నాయి.

కొత్త దారులు, పాత చట్టాలు

ఈ చట్టాలకు ఇటీవల ఎదురైన పెద్ద పరీక్ష పతంజలి ఆయుర్వేద కంపెనీ వ్యవహారం. ఆధునిక వైద్యాన్ని కించపరుస్తూ, జబ్బులు నయం చేస్తామంటూ ఇచ్చిన ప్రకటనల మీద భారత వైద్య సంఘం 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 నవంబరులో కోర్టు హెచ్చరించినా ప్రకటనలు ఆగకపోవడంతో 2024 ఫిబ్రవరిలో ధిక్కార నోటీసు ఇచ్చింది. ఏప్రిల్‌లో పత్రికల్లో క్షమాపణలు అచ్చయ్యాయి. ప్రకటన ఎంత పెద్దగా వేశారో క్షమాపణ కూడా అంత పెద్దగా వేశారా అని కోర్టు అడిగింది. ఆ నెలలోనే ఉత్తరాఖండ్ ప్రభుత్వం 14 ఉత్పత్తుల లైసెన్సులు నిలిపేసింది. ఈ కేసులోనే ఇంకో సంగతి బయటపడింది. ఆయుర్వేదం వంటి సంప్రదాయ మందుల ప్రకటనకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2018లో 1945 నిబంధనల్లోకి 170వ నిబంధన తెచ్చారు. దాని కింద చర్యలు తీసుకోవద్దని 2023 ఆగస్టులో ఆయుష్ మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. 2024 జులైలో ఆ నిబంధననే తీసేస్తే, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీసివేతను తాత్కాలికంగా ఆపింది. కాపలా ఉండాల్సిన శాఖే తాళం తీసిన సందర్భం ఇది.

బరువు తగ్గించే సూదుల విషయం ఇంకాస్త సున్నితం. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ 2025 జూన్‌లో భారతదేశానికి వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి దాకానే కావడంతో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా దేశీయ కంపెనీలు తక్కువ ధర రకాలకు సిద్ధపడ్డాయి. ఈ మందుల పేరుతో జనానికి ప్రకటన ఇవ్వకూడదు. ఊబకాయం 1954 చట్టపు జాబితాలోనూ ఉంది. అందుకని మందు పేరెత్తకుండా ఊబకాయం ఒక జబ్బు, డాక్టరును కలవండి అనే అవగాహన ప్రకటనలు వస్తున్నాయి. ఆ మాటలో తప్పు లేదు, నిజమే. కానీ ఆ ప్రకటనకు డబ్బు పెట్టినవారు ఎవరో, వాళ్లు అమ్మే మందేమిటో పెద్ద అక్షరాలతో చెప్పకపోతే అది సగం తెర తీసిన దుకాణమే. ఫోనులో రీల్స్ చేసేవాళ్లు ఆ మిగతా సగం తెర కూడా తీస్తున్నారు. 1954లో చట్టం రాసినవాళ్ల ఊహకు అందనిది ఇది.

శిక్షలు సరిపోవడం లేదన్నది ప్రభుత్వమూ ఒప్పుకున్నదే. 54 జబ్బులను 78కి పెంచుతూ, మొదటి తప్పుకు రెండేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉండాలంటూ 2020 ఫిబ్రవరిలో ముసాయిదా విడుదల చేశారు. అది చట్టం కాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అందులో నటించిన ప్రముఖులను ఏడాది పాటు ప్రకటనల నుంచి దూరం పెట్టొచ్చు. గోడ మీద పసరు మందు రాయించిన మనిషి మీదికి ఈ చట్టాలు వెళ్లడం అరుదు. జిల్లాకు ఉన్న కొద్దిమంది డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపుల లైసెన్సులు, మందుల నమూనాలు చూసుకునేసరికే ఏడాది గడుస్తుంది.

చీటీ మందుల బహిరంగ ప్రకటన మీద నిషేధం సరైనదే, అది ఉండాలి. అమెరికా పాతికేళ్ల అనుభవం చూశాక ఆ గేటు ఎత్తమని అడిగేవాళ్లు రోగి తరఫున అడుగుతున్నారని అనుకోలేం. కానీ ప్రకటన ఆపినంత మాత్రాన రోగికి తెలియాల్సింది తెలిసిపోదు. ఆ ఖాళీలోకే పక్కింటి సలహా, వాట్సాప్, గోడ రాత వచ్చి కూర్చున్నాయి. మందు పెట్టెలో ఉండే సమాచార పత్రం ఇంగ్లీషులో, డాక్టరు కోసం రాసింది. అట్ట మీద హెచ్చరికా ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది.

2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోనుతో చూస్తే మందు రసాయన నామం, బ్రాండు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు సంఖ్య కనపడాలి. నకిలీని పట్టుకోవడానికి ఉద్దేశించిన కోడ్ అది. ఈ మందు దేనికి, ఎన్ని రోజులు, కిడ్నీ జబ్బుంటే వాడొచ్చా, ఎండలో పనిచేసేవాళ్లు ఏం జాగ్రత్త పడాలి అన్నవి ఆ జాబితాలో లేవు. వాటిని తెలుగులో, తమిళంలో, రోగి చదివే భాషలో అదే కోడ్‌లో చేర్చడానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. 1945 నిబంధనల్లో ఒక సవరణ సరిపోతుంది.